ఆ గుయ్ మోత ఎవరిది? ఇంట్లో చేసిన ఏడీసీ బోర్డు, నాయిస్‌ని వెంటాడిన 140 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక పాత టేపుతో మొదలుపెడదాం.

1972 జూన్ 20. అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ తన ఆఫీసులో చీఫ్ ఆఫ్ స్టాఫ్ హాల్డెమన్‌తో మాట్లాడుతున్నాడు. ఆ మాటలు టేపు మీద రికార్డవుతున్నాయి. దానికి మూడు రోజుల ముందే వాటర్‌గేట్ భవనంలో, ప్రతిపక్ష పార్టీ ఆఫీసులోకి చొరబడ్డవాళ్లు పోలీసులకు దొరికిపోయారు. కేసు పెరిగి పెద్దదైంది. కోర్టు టేపులు అడిగింది. టేపులొచ్చాక చూస్తే ఆ రోజు సంభాషణలో దాదాపు పద్దెనిమిదిన్నర నిమిషాలు మాటే లేదు. ఉన్నదల్లా ఒక్కటే, గుయ్ మనే మోత.

మనమైతే ఏమంటాం? "అందులో ఏం లేదు, ఉత్త నాయిస్" అంటాం. కానీ కోర్టు తరఫున పనిచేసిన ఆరుగురు ఆడియో నిపుణులు అలా అనలేదు. ఆ నాయిస్‌నే సాక్షిగా పెట్టి విచారించారు. మోత కరెంటు లైన్ నుంచి రికార్డర్‌లోకి వచ్చి ఉంటుందని తేల్చారు. రికార్డు బటన్ నొక్కినప్పుడు, వదిలినప్పుడు టేపు మీద పడే సన్నటి అయస్కాంత గుర్తుల్ని వెతికారు. అవి ఒక్కచోట కాదు, చాలాచోట్ల దొరికాయి. పొరపాటున కాలు తగిలి ఒకేసారి చెరిగిపోయింది కాదు, చేత్తో బటన్లు నొక్కుతూ కనీసం అయిదుసార్లు చెరిపారు అని 1974లో రిపోర్టిచ్చారు. ఎవరు చెరిపారన్నది మాత్రం తేలలేదు. అదే ఏడాది ఆగస్టులో నిక్సన్ రాజీనామా చేశాడు.

ఆ ఆరుగురిలో ఒకాయన పేరు థామస్ స్టాక్‌హామ్. గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మీలో చాలామంది సొంతంగా ఆడియో ఏడీసీ బోర్డు చేసుకుంటున్నారు. ఏడీసీ అంటే అనలాగ్ టు డిజిటల్ కన్వర్టర్. మైకు నుంచో గిటార్ నుంచో వచ్చే వోల్టేజీని సెకనుకు 44,100 సార్లో 48,000 సార్లో కొలిచి అంకెలుగా మార్చే చిప్పు. మీ చేతిలో ఉన్న ఫోన్‌లోనూ అది ఉంది. కోఠి గుజరాతీ గల్లీలో తిరిగో, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టో పార్టులు తెచ్చుకుంటారు. రాత్రంతా కూర్చుని సోల్డరింగ్ చేస్తారు. మొదటి రికార్డింగ్ ప్లే చేస్తే వినబడేది మీ గొంతు కాదు, వెనక గుయ్ అనో, సర్‌ర్ అనో, కీ అనో ఇంకేదో.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. "నాయిస్ పోవాలంటే ఏం చేయాలి?" అని అడుగుతారు. ఒకరు కెపాసిటర్ మార్చమంటారు, ఇంకొకరు ఖరీదైన ఆప్-ఆంప్ కొనమంటారు, మరొకరు అల్యూమినియం ఫాయిల్ చుట్టమంటారు. డబ్బులు పోతాయి, మోత అలాగే ఉంటుంది. చివరికి బోర్డు అటక ఎక్కుతుంది, "మనకు ఎలక్ట్రానిక్స్ రాదులే" అన్న మాట మిగులుతుంది.

అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. "ఇది ఏ నాయిస్?" ఎందుకంటే నాయిస్ అనేది ఒక్కటి కాదు. మన బోర్డులో కలిసి వినిపించే మోతల్లో ఒక్కోదానికి ఒక్కో పుట్టుక ఉంది, ఒక్కో కాలంలో ఒక్కొక్కరు దాన్ని పట్టుకున్నారు. ఆ వరసలో వెళ్తే చరిత్రా తెలుస్తుంది, మీ బోర్డు రిపేరూ అవుతుంది.

గుయ్: ట్రాములు నేర్పిన పాఠం

గ్రాహంబెల్ టెలిఫోన్‌కి పేటెంట్ వచ్చింది 1876లో. తొలిరోజుల్లో టెలిఫోన్‌కి ఒక్క తీగే ఉండేది. కరెంటు తిరిగి వెళ్లడానికి రెండో దారి భూమే. టెలిగ్రాఫ్‌కి అలవాటైన పద్ధతి అది, ఒక తీగ ఖర్చు మిగులుతుంది.

తర్వాత ఊళ్లలోకి విద్యుత్ దీపాలొచ్చాయి, 1880ల చివర ఎలక్ట్రిక్ ట్రాములొచ్చాయి. ట్రామ్ కరెంటు కూడా పట్టాల గుండా, భూమి గుండా వెనక్కి వెళ్లేది. ఇంకేముంది, టెలిఫోన్ కరెంటు, ట్రామ్ కరెంటు ఒకే నేలలో ప్రయాణం. ఫోనెత్తితే అవతలి మనిషి కంటే ట్రామే గట్టిగా వినబడేది.

మందు ఏంటి? భూమిని వదిలేసి రెండో తీగ వేయడం. అంతటితో ఆగకుండా ఆ రెండు తీగల్నీ జడలా మెలిపెట్టడం. ఆ మెలి ఆలోచనకు 1881లోనే బెల్ పేటెంట్ తీసుకున్నాడు. లాజిక్ చాలా సింపుల్. పక్కనున్న కరెంటు లైను రెండు తీగల మీదా ఒకేలా ప్రభావం చూపిస్తుంది. వినే పరికరం రెండింటి మధ్య తేడానే వింటుంది. ఒకేలా ఉన్నది తేడాలో కొట్టుకుపోతుంది. ఇప్పటికీ లాన్ కేబుల్ కోసి చూస్తే లోపల ఆ మెలి తీగలే కనబడతాయి. స్టూడియో మైకుల బ్యాలెన్స్‌డ్ కేబుల్ కూడా అదే సూత్రం. 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజినీర్ సెత్ లవర్ గిటార్ కోసం రెండు కాయిల్స్‌ని ఎదురెదురుగా కలిపి హంబకర్ చేశాడు. హమ్‌ని తన్ని తరిమేది అని పేరులోనే ఉంది.

మీ బోర్డులో గుయ్ అంటే ఇదే కుటుంబం. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాలో 60. మీ రికార్డింగ్‌ని ఆడాసిటీలో తెరిచి ప్లాట్ స్పెక్ట్రమ్ చూడండి. 50 దగ్గర గుట్ట లేచిందంటే కేబులో, గ్రౌండో బయటి కరెంటును పట్టుకుంటోంది. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ సప్లై వాడుతున్నారా? 100 దగ్గర, దాని రెట్టింపుల దగ్గర గట్టిగా ఉంటే మొదటి అనుమానం రెక్టిఫైయర్ తర్వాత మిగిలిన రిపుల్ మీద పెట్టండి.

పరీక్ష ఒకటి చెప్తాను, పైసా ఖర్చు లేదు. కేబుల్ తీసేసి ఇన్‌పుట్ పిన్నునీ గ్రౌండునీ చిన్న తీగతో కలపండి. మోత ఆగిందా, దొంగ బోర్డు బయట ఉన్నాడు. ఆగలేదా, లోపలే ఉన్నాడు. తర్వాత లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డ్ చేయండి. మోత మాయమైతే అది చార్జర్ లీకేజీ అయినా కావాలి, గ్రౌండ్ లూప్ అయినా కావాలి. లూప్ అంటే లాప్‌టాపూ మిక్సరూ వేరువేరు సాకెట్ల నుంచి ఎర్త్ తీసుకుని, మధ్యలో ఆడియో కేబుల్ గ్రౌండ్ కూడా కలిసి ఒక చక్రం ఏర్పడటం. ట్రామూ టెలిఫోనూ ఒకే నేలను పంచుకున్న కథే ఇది, సైజు తగ్గిందంతే. రెండిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి, లేదా మధ్యలో ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను పీకేస్తే మోత పోతుందని ఎవరో ఒకరు మీకు చెప్తారు. పోవచ్చు కూడా. కానీ ఆ పిన్ను ఉన్నది శబ్దం కోసం కాదు, మీ ప్రాణం కోసం. దాన్ని ముట్టుకోవద్దు.

సర్‌ర్: రెసిస్టర్ కూర్చున్నచోటే చేసే చప్పుడు

గుయ్ పోయింది అనుకుందాం. ఇప్పుడు వెనక సన్నగా సర్‌ర్ మని వాన శబ్దంలా వినబడుతుంది. దీని కథ 1918లో జర్మనీలో మొదలైంది. వాల్టర్ షాట్కీ అనే శాస్త్రవేత్త వాక్యూమ్ ట్యూబుల గురించి ఆలోచిస్తూ, ఎంత మంచి యాంప్లిఫయర్ కట్టినా రెండు చప్పుళ్లు తప్పవని రాశాడు. ఒకటి, కరెంటు నీటిధార కాదు, ఎలక్ట్రాన్లనే గింజలుగా వస్తుంది కాబట్టి రేకు మీద వడగళ్లు పడ్డట్టు చప్పుడు. రెండోది, వేడి వల్ల తీగలో ఎలక్ట్రాన్లు అటూ ఇటూ కదలడం వల్ల పుట్టే చప్పుడు.

ఆ రెండోదాన్ని కొలిచి చూపించింది అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ జాన్సన్. స్వీడన్ నుంచి వచ్చిన మనిషి. రకరకాల రెసిస్టర్లు తీసుకున్నాడు. లోహపు తీగ, కార్బన్, చివరికి ఉప్పు ద్రావణాలు కూడా. వేడి చేశాడు, చల్లబరిచాడు. తేలిందేంటంటే, పదార్థం ఏదన్నది లెక్కే కాదు. రెసిస్టెన్స్ ఎంత, ఉష్ణోగ్రత ఎంత, ఎంత ఫ్రీక్వెన్సీ వెడల్పులో వింటున్నాం, ఈ మూడే లెక్క. ఎందుకలా అన్నది లెక్కగట్టి చెప్పింది ఇంకో స్వీడన్ మనిషి, హ్యారీ నైక్విస్ట్. ఇద్దరి పేపర్లూ 1928లో వచ్చాయి. ఈ నైక్విస్ట్ పేరు మీరు విన్నారు. 44.1 కిలోహెర్ట్జ్‌లో సగం వరకే రికార్డవుతుందని చెప్పేటప్పుడు వచ్చే నైక్విస్ట్ ఈయనే.

దీనివల్ల మనకేంటి? లెక్క వేసి చూద్దాం. గది ఉష్ణోగ్రతలో, 20 కిలోహెర్ట్జ్ వెడల్పులో, 10 కిలోఓమ్ రెసిస్టర్ ఊరికే కూర్చుని సుమారు 1.8 మైక్రోవోల్టుల నాయిస్ చేస్తుంది. 1 కిలోఓమ్ అయితే సుమారు 0.6. అది వెయ్యి రూపాయల రెసిస్టర్ అయినా, రూపాయి రెసిస్టర్ అయినా ఈ అంకె కంటే తగ్గదు. పాత కార్బన్ రెసిస్టర్లు దీని మీద ఇంకొంచెం కలుపుతాయి, మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు దాదాపు ఏమీ కలపవు. కాబట్టి మెటల్ ఫిల్మ్ వాడండి, అంతకుమించి ఆడియోఫైల్ రెసిస్టర్ల కోసం జేబు ఖాళీ చేసుకోవద్దు.

మైక్ ప్రీఆంప్‌లో 100 కిలోఓమ్ రెసిస్టర్లు పెట్టి, దాన్ని వందరెట్లు పెంచితే సర్‌ర్ రాక ఏమవుతుంది? రెసిస్టర్ విలువలు తగ్గించండి. గెయిన్ మొదటి స్టేజిలోనే తీసుకోండి. ఇది రిపేరు కాదు, డిజైన్. ఇంకా మిగిలిన సర్‌ర్‌లో కొంత ప్రకృతిది. దాన్ని బోర్డు తప్పు అనకూడదు.

నాయిస్ కూడని ఫోను: అలెక్ రీవ్స్ ఆలోచన

1930లలో దూరపు ఫోన్ కాల్స్‌కి పెద్ద చిక్కొకటి ఉండేది. తీగ పొడవునా సిగ్నల్ బలహీనపడుతుంది, అందుకని మధ్యమధ్యలో యాంప్లిఫయర్లు పెడతారు. ప్రతి యాంప్లిఫయర్ మాటనూ పెంచుతుంది, అప్పటిదాకా చేరిన నాయిస్‌నీ పెంచుతుంది. జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు.

పారిస్‌లో ఐటీటీ సంస్థ ల్యాబ్‌లో పనిచేస్తున్న అలెక్ రీవ్స్ అనే ఇంగ్లీషాయన 1937లో దీన్ని తలకిందులు చేశాడు. అలను అలాగే పంపడం ఎందుకు? దాని ఎత్తును కొలిచి అంకెగా పంపితే? అంకె అంటే పల్స్ ఉందా లేదా అన్నదే. దారిలో మట్టికొట్టుకున్నా, ఉందో లేదో తెలిస్తే చాలు, మళ్లీ కొత్త పల్స్ వేసి పంపొచ్చు. నాయిస్ పోగుపడదు. దీనికే పల్స్ కోడ్ మాడ్యులేషన్, పీసీఎం అని పేరు. 1938లో ఫ్రాన్సులో పేటెంట్. కానీ వాల్వుల కాలంలో అంత సర్క్యూట్ కట్టడం సామాన్యం కాదు. ట్రాన్సిస్టర్లు వచ్చాక 1962లో గానీ అమెరికా టెలిఫోన్ వ్యవస్థలోకి టీ1 లైన్లుగా దిగలేదు.

మధ్యలో రెండో ప్రపంచయుద్ధంలో ఒక్కసారి మాత్రం ఖర్చుకు వెనకాడకుండా కట్టారు. 1943లో లండన్, వాషింగ్టన్ మధ్య రహస్య సంభాషణ కోసం బెల్ ల్యాబ్స్ చేసిన సిగ్‌సాలీ. 50 టన్నులకు పైగా బరువు. లండన్‌లో దాన్ని సెల్ఫ్‌రిడ్జెస్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ నేలమాళిగలో పెట్టారు. గొంతును ఫ్రీక్వెన్సీ ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క బలాన్ని ఆరు మెట్లలో కొలిచేవాళ్లు. తర్వాత దాన్ని దాచడానికి దేంతో కలిపేవాళ్లో తెలుసా? నాయిస్‌తో. పాదరసపు వాల్వుల నుంచి వచ్చే నాయిస్‌ని గ్రామఫోన్ రికార్డుల మీదకు ఎక్కించి, అటొకటి ఇటొకటి పంపేవాళ్లు. రెండువైపులా ఒకే నాయిస్ ఉంటేనే మాట బయటపడేది. వాడాక ఆ రికార్డును నాశనం చేసేవాళ్లు. మనం పారేయాలని చూసే నాయిస్ అక్కడ తాళంచెవి.

గరగర: మెట్ల వల్ల పుట్టిన కొత్త నాయిస్

రీవ్స్ పాత నాయిస్‌ని ఆపాడు గానీ కొత్తదాన్ని పుట్టించాడు. అల నున్నటి వాలు, అంకెలు మెట్లు. వాలును మెట్లుగా చేస్తే ప్రతి కొలతలోనూ కొంత తేడా వస్తుంది. ఆ తేడానే క్వాంటైజేషన్ నాయిస్. 1948లో బెల్ ల్యాబ్స్‌కే చెందిన విలియం బెనెట్ దీని లెక్క తేల్చాడు. దాన్నుంచి మనం వాడే సూత్రం, ఒక్కో బిట్ పెరిగితే సుమారు 6 డెసిబెల్ లాభం. 16 బిట్లంటే 65,536 మెట్లు, సుమారు 98 డెసిబెల్. 24 బిట్లంటే 1,67,77,216 మెట్లు, కాగితం మీద 146 డెసిబెల్.

శబ్దం పెద్దగా ఉన్నప్పుడు ఈ తేడా వినబడదు. పాట చివర తంబుర మోత సన్నగా ఆరిపోతున్నప్పుడు చూడాలి. సిగ్నల్ రెండు మూడు మెట్ల మీదే ఆడుతుంది. అప్పుడు నాయిస్ సర్‌ర్ మనదు, శబ్దాన్నే పట్టుకుని గరగరమంటుంది. చెవికి ఇది చాలా చిరాకు.

దీనికి మందు ఆడియోలో కాదు, ముందు బొమ్మల్లో దొరికింది. ఎంఐటీలో చదువుకుంటున్న లారీ రాబర్ట్స్ తక్కువ బిట్లతో ఫొటో పంపడం ఎలా అని చూస్తున్నాడు. మెట్లు తగ్గితే ఆకాశం మీద చారలు పడుతున్నాయి. ఆయన చేసిన పని, మెట్లుగా మార్చే ముందు బొమ్మలో కావాలని నాయిస్ కలపడం. చారలు మాయమయ్యాయి. 1962లో అది పేపరుగా వచ్చింది. ఈ రాబర్ట్సే తర్వాత ఇంటర్నెట్‌కి తాతలాంటి ఆర్పానెట్‌ని నడిపించాడు.

నాయిస్ కలిపితే మంచి ఎలా జరుగుతుంది? అసలు విలువ 3.3 అనుకోండి. మెట్లు 3, 4 మాత్రమే. ఎన్నిసార్లు కొలిచినా 3 అనే వస్తుంది, ఆ పాయింట్ మూడు శాశ్వతంగా పోయింది. ఇప్పుడు సరిపడా నాయిస్ కలపండి. పదిసార్లు కొలిస్తే ఏడుసార్లు 3, మూడుసార్లు 4 వస్తుంది. సగటు తీయండి, 3.3. పోయిందనుకున్నది తిరిగొచ్చింది. దీన్నే డిథర్ అంటారు. కెనడాలో వాటర్‌లూ యూనివర్సిటీకి చెందిన వాండర్‌కూయ్, లిప్‌షిట్జ్ 1984లో ఆడియోకి దీన్ని పక్కాగా చూపించారు. సరైన డిథర్ ఉంటే ఆఖరి మెట్టు కంటే చిన్న శబ్దం కూడా బతుకుతుందని.

కాబట్టి 24 బిట్ల రికార్డింగ్‌ని 16 బిట్లకు ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో డిథర్ ఆప్షన్ కనిపిస్తే ఆపేయకండి. అది నాయిస్ కలుపుతుంది, నిజమే. కలపాలి కూడా.

స్టాక్‌హామ్ తిరిగొచ్చాడు: 24 బిట్ల మోజు

జపాన్‌లో ఎన్‌హెచ్‌కే పరిశోధన విభాగం 1967లోనే పీసీఎం రికార్డర్ చేసింది, 12 బిట్లు. 1972లో డెనాన్ బ్రాండ్ కింద నిప్పన్ కొలంబియా 13 బిట్ల రికార్డర్‌తో పాటలు రికార్డ్ చేసి మార్కెట్లోకి తెచ్చింది. అమెరికాలో ఆ వాటర్‌గేట్ టేపు చూసిన థామస్ స్టాక్‌హామ్ 1975లో సౌండ్‌స్ట్రీమ్ కంపెనీ పెట్టి 16 బిట్ల రికార్డర్ కట్టాడు. 1982 అక్టోబర్ 1న జపాన్‌లో సీడీ ప్లేయర్ అమ్మకానికొచ్చింది. 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. ఆ వింత అంకె వీడియో టేపు నుంచి వచ్చింది. అప్పట్లో డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపు మీదే దాచేవాళ్లు. లైనుకు 3 కొలతలు, 245 లైన్లు, సెకనుకు 60 ఫీల్డులు. గుణించండి, 44,100.

సరదా సంగతేంటంటే ఫిలిప్స్ తొలి సీడీ ప్లేయర్లలో ఉన్న డీఏసీ చిప్పు 14 బిట్లదే. అయినా 16 బిట్ల స్థాయి శబ్దం ఇచ్చింది. నాలుగు రెట్లు వేగంగా నడిపి, మెట్ల నాయిస్‌ని చెవికి అందని ఫ్రీక్వెన్సీల్లోకి నెట్టేశారు. ఈ నాయిస్‌ని పక్కకు నెట్టే ఆలోచనకు డెల్టా-సిగ్మా అని పేరు పెట్టింది టోక్యో యూనివర్సిటీకి చెందిన ఇనోసే, యసుదా, మురకామి, 1962లో. ఈ రోజు ఆడియో ఏడీసీ చిప్పుల్లో దాదాపు అన్నీ డెల్టా-సిగ్మాలే.

మన కుర్రాళ్లకి బాగా దొరికే పీసీఎం1808 కూడా అంతే. 64 రెట్లు వేగంగా కొలుస్తుంది. దాని మీద 24 బిట్ అని రాసుంటుంది. కానీ డేటాషీట్ తెరిస్తే సిగ్నల్ టు నాయిస్ 99 డెసిబెల్ అని ఉంటుంది. ఇందాకటి లెక్క గుర్తుందిగా, 99 డెసిబెల్ అంటే 16 బిట్ల కంటే కాస్త ఎక్కువ. మిగతా దాదాపు ఎనిమిది బిట్లలో ఉండేది నాయిసే. ఇది మోసం కాదు. ఆ అదనపు బిట్లు లెక్కలకు పనికొస్తాయి, కాస్త డిథర్‌లా కూడా పనిచేస్తాయి. కానీ "24 బిట్ అన్నారు, నాకు 146 డెసిబెల్ రావట్లేదు" అని బోర్డును తిట్టుకోవద్దు.

కీ, టిక్ టిక్: డిజిటల్ పక్కింటివాడు

ఇక చివరి కుటుంబం, మన కాలానిది. ఒకే బోర్డు మీద మైక్రోవోల్టులు వింటున్న అనలాగ్ భాగం, పక్కనే లక్షలసార్లు స్విచ్ అవుతున్న డిజిటల్ భాగం. ధ్యానం చేసేవాడి పక్కన డప్పు వాయించినట్టు.

వీటికి వేలిముద్రలు స్పష్టంగా ఉంటాయి. సరిగ్గా 1 కిలోహెర్ట్జ్ దగ్గర, దాని రెట్టింపుల దగ్గర కీ మనే సూదులు ఉంటే, ముందు యూఎస్‌బీని అనుమానించండి. ఫుల్‌స్పీడ్ యూఎస్‌బీ ప్రతి మిల్లీసెకనుకీ ఒక ఫ్రేము పంపుతుంది. హైస్పీడ్ అయితే 8 కిలోహెర్ట్జ్. డుగ్ డుగ్ డుగ్ మని 217 హెర్ట్జ్ దగ్గర వస్తే పక్కన 2జీ మొబైల్ ఉంది, జీఎస్ఎమ్ ఫోన్ సెకనుకు సుమారు 217 సార్లు రేడియో పేలుళ్లు వదులుతుంది. వైఫై ఉన్న మైక్రోకంట్రోలర్ అయితే డేటా పంపినప్పుడల్లా కరెంటును ఒక్క గుటకలో లాగి టిక్ మంటుంది. వైఫై ఆపి చూస్తే తెలిసిపోతుంది.

మందులు: యూఎస్‌బీ 5 వోల్టుల్ని నేరుగా ఏడీసీ అనలాగ్ పిన్నుకు ఇవ్వకండి, చిన్న ఫిల్టరో, తక్కువ నాయిస్ రెగ్యులేటరో మధ్యలో పెట్టండి. ప్రతి పవర్ పిన్ను పక్కనే, నిజంగా పక్కనే, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాంతోపాటు 10 మైక్రోఫారడ్. రెండంగుళాల తీగ చివర పెడితే పెట్టనట్టే. గ్రౌండ్‌ని సన్నతీగల్లా గీయకుండా పరుపులా పరవండి. బ్రెడ్‌బోర్డు మీద కట్టి 99 డెసిబెల్ అడగడం గంపలో నీళ్లు మోసినట్టే.

క్లాక్ సంగతి వేరు. కొలిచే క్షణం అటూ ఇటూ జరిగితే అదీ నాయిసే, జిట్టర్ అంటారు. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 16 బిట్ల నాణ్యత కావాలంటే జిట్టర్ సుమారు 100 పికోసెకన్లలోపు ఉండాలి. గుర్తుపట్టడం ఎలా? నిశ్శబ్దంలో జిట్టర్ కనబడదు, కదిలే అలే లేదు కదా. 10 కిలోహెర్ట్జ్ టోన్ ఇస్తే దాని చుట్టూ మొలకలు లేస్తాయి. 100 హెర్ట్జ్ టోన్ ఇస్తే అవి దాదాపు మాయమవుతాయి. అలా జరిగితే మైక్రోకంట్రోలర్ తయారుచేసిన క్లాక్ వదిలి విడిగా క్రిస్టల్ ఆసిలేటర్ పెట్టండి.

ఎక్కడ ఆపాలి?

వరస గుర్తుపెట్టుకోండి. ముందు అర నిమిషం నిశ్శబ్దం రికార్డ్ చేసి స్పెక్ట్రమ్ చూడండి. ఇన్‌పుట్ షార్ట్ చేసి మళ్లీ చూడండి. చార్జర్ పీకి మళ్లీ, వైఫై ఆపి మళ్లీ. ఒక్కోసారి ఒక్కటే మార్చండి. రెండు మార్చితే ఏది పనిచేసిందో మీకే తెలియదు. విడివిడిగా సూదులు కనబడితే అది ఎవరో ఒకరి పని, వెతికితే దొరుకుతాడు. సూదుల్లేకుండా చదునైన నేలలా ఉండి, అది డేటాషీట్ అంకెకు దగ్గరగా ఉంటే అక్కడితో ఆపేయండి. అది జాన్సన్ కొలిచిన నేల, చిప్పు చేసినవాళ్లు చేరిన నేల.

ఇంకో నిజం. మీ గదిలో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతోందా? మీరు మామూలుగా మాట్లాడే గొంతు సుమారు 60 డెసిబెల్, నిశ్శబ్దంగా ఉందనుకునే గదే 30 ఉంటుంది, ఫ్యాన్ వేస్తే ఇంకా పెరుగుతుంది. మధ్యలో మిగిలేది 30 డెసిబెల్ లోపే. 90 డెసిబెల్ ఇస్తున్న బోర్డును 99కి తేవడానికి రెండు వేలు ఖర్చుపెట్టే ముందు, రికార్డింగ్‌కి కూర్చున్న అయిదు నిమిషాలు ఫ్యాన్ ఆపి చూడండి.

మీ స్పెక్ట్రమ్‌లో ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర సూది లేచిందో, బోర్డుకు కరెంటు ఎక్కణ్నుంచి ఇస్తున్నారో, ఈ రెండూ కామెంట్‌లో రాయండి. "నాయిస్ వస్తోంది బ్రో" అని మాత్రం రాయకండి. ఎవరిదో కనుక్కుందాం. ఉంటాను.